నడక నేర్చిన బిడ్డకు మూడేళ్ళ ఎడం

(ఆరోగ్య కేంద్రానికి వచ్చిన దంపతులకు ఆరోగ్య విద్యాబోధకురాలు చేసిన ప్రసంగం)



కడుపులో ఉన్న బిడ్డను గురించి అందరూ మాట్లాడతారు. పుట్టిన పసికందును చూడటానికి చుట్టాలందరూ వస్తారు. కాని అప్పుడే అడుగులు వేస్తూ, పడుతూ లేస్తూ ఇల్లంతా తిరిగే ఏడాది, ఏడాదిన్నర బిడ్డను గురించి ఎవరూ అంతగా పట్టించుకోరు. "వాడికేం, నడుస్తున్నాడు. పెద్దవాడయ్యాడు" అనేస్తారు. ఈ రోజు నేను మాట్లాడేది ఆ బిడ్డను గురించే.

కుటుంబ నియంత్రణ ప్రసంగంలో నడిచే బిడ్డ మాట ఎందుకని మీకు అనిపించవచ్చు. కుటుంబ నియంత్రణ అంటే మనవాళ్ళకు వెంటనే గుర్తుకు వచ్చేది ఆపరేషన్. మన దేశంలో ఈ కార్యక్రమం 1952లో మొదలయింది. అప్పటి నుంచీ "ఎంతమంది?" అన్న ప్రశ్నే ఎక్కువగా వినిపిస్తూ వచ్చింది. ఆ ప్రశ్నకు మీరు ఏనాడో జవాబు చెప్పేశారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కొక్క స్త్రీకి సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. కనుక ఎంతమంది అన్నది మీ ఇద్దరి ఇష్టం. నేను చెప్పదలచింది రెండో ప్రశ్న గురించి. ఒక బిడ్డ తర్వాత మరో బిడ్డ ఎప్పుడు?

"ఇద్దర్నీ వెంటవెంటనే కనేసి ఆపరేషన్ చేయించుకుంటే ఒక పని అయిపోతుంది. ఇద్దరూ కలిసి పెరిగిపోతారు." ఈ మాట మా చెవిన పడని ఊరు లేదు. అత్తగారు అంటుంది, తల్లి అంటుంది, ఒక్కోసారి భర్తే అంటాడు. వినటానికి బాగానే ఉంది. నిజమో కాదో మీ ఇంట్లో ఒక రోజు లెక్క వేసి చూద్దాం.

ఒక రోజు లెక్క

ఏడాదిన్నర బిడ్డ కోడికూతతో లేస్తుంది. తల్లి వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లే లోపల చీపురు పట్టుకుంటుంది. పొయ్యి దగ్గరకు వస్తుంది. బిందెలో చెయ్యి పెడుతుంది. నేలమీద దొరికింది ఏదైనా సరే, శనగగింజ కానీ, రూపాయి బిళ్ళ కానీ, గొర్రె పెంటిక కానీ, ముందు నోట్లో పెట్టుకొని చూస్తుంది. ఇది అల్లరి కాదు. ఆ వయసు బిడ్డ లోకాన్ని తెలుసుకునే పద్ధతే అది. చేత్తో పట్టి, నోటితో రుచి చూసి, కింద పడేసి చప్పుడు విని నేర్చుకుంటుంది. మనిషి మెదడు పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్ళలోనే జరుగుతుంది. అందుకని బిడ్డను కట్టిపడేయకూడదు. తిరగనివ్వాలి. తిరగనిస్తే ఒక పెద్ద మనిషి కళ్ళు ఎప్పుడూ ఆ బిడ్డ మీద ఉండాలి.

పురుగుమందు డబ్బా, కిరసనాయిలు సీసా, బ్లేడు, అగ్గిపెట్టె బిడ్డకు అందని ఎత్తులో పెట్టండి. కూల్‌డ్రింకు సీసాలో పురుగుమందు ఎప్పుడూ పోసి ఉంచకండి. నీళ్ళ తొట్టి మీద మూత ఉంచండి. జానెడు నీళ్ళున్న బకెట్లో తలకిందులుగా పడినా ఆ బిడ్డ తనంతట తాను లేవలేదు. అరవను కూడా అరవలేదు.

ఇక తిండి సంగతి. "అడగందే అమ్మయినా పెట్టదు" అని సామెత. ఏడాది బిడ్డకు మాత్రం అడగటం రాదు. ఆకలి వేస్తే ఏడుస్తుంది, నిద్ర వచ్చినా ఏడుస్తుంది, కడుపు నొప్పి వచ్చినా ఏడుస్తుంది. ఏ ఏడుపు ఏమిటో పక్కన కూర్చొని చూసే తల్లికే తెలుస్తుంది.

ఆ బిడ్డ పొట్ట చిన్నది. పెద్దవాళ్ళలాగా రెండు పూటలు తిని ఊరుకోలేదు. ఏడాది నిండిన బిడ్డకు రోజుకు మూడు నాలుగుసార్లు అన్నం పెట్టాలి. మధ్యలో ఒకటి రెండుసార్లు అరటిపండో, ఉడికించిన గుడ్డో, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతమో పెట్టాలి. పావు లీటరు పట్టే గిన్నెలో ముప్పాతిక నుంచి నిండా, ఒక్కొక్క పూటకు అంత కావాలి. మెత్తగా కలిపిన అన్నం, పప్పు, ఆకుకూర, ఒక చెంచా నెయ్యి గాని నూనె గాని. కారం తగ్గించండి, పప్పు తగ్గించకండి. వేరుశనగ గింజలు ఇవ్వాలంటే వేయించి పొడి చేసి కలపండి. గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి.

ఆ బిడ్డకు విడిగా ఒక గిన్నె ఉండాలి. అందరి కంచంలో నాలుగేసి మెతుకులు నోట్లో పెడితే ఎంత తిన్నదీ ఎవరికీ తెలియదు. "పొద్దుటి నుంచీ తింటూనే ఉంది" అనుకుంటాం. గిన్నెలో పెడితే అసలు సంగతి తెలుస్తుంది.

ఇప్పుడు లెక్క వేయండి. రోజుకు అయిదుసార్లు, చందమామను చూపించి, కోడిపిల్లను చూపించి, ఒక్కొక్కసారి అరగంట. తినిపించటానికే రెండున్నర గంటలు! స్నానం, దొడ్డికి వెళితే కడగటం, బట్టలు ఉతకటం, నిద్రపుచ్చటం, జ్వరం వస్తే రాత్రంతా కూర్చోవటం ఇందులో కలపలేదు. విరేచనాలు పట్టుకుంటే ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు లీటరు మంచినీళ్ళలో కలిపి, గుక్కెడు గుక్కెడు పడుతూ పక్కనే ఉండాలి. కలిపిన నీళ్ళు ఒక రోజు దాటితే పారబోసి కొత్తవి కలపాలి. జింకు బిళ్ళలు విరేచనాలు తగ్గినా సరే పద్నాలుగు రోజులూ వేయాలి. ఇవన్నీ చేస్తూనే తల్లి వంట చేయాలి, పశువులను చూడాలి, కలుపుకు పోవాలి.

ఒక్క బిడ్డకే ఇంత పని ఉంది. ఇదే సమయంలో తల్లి మళ్ళీ నెల తప్పిందనుకోండి. ఏమవుతుంది?

పెద్దబిడ్డకు వచ్చే జబ్బు

మొట్టమొదట బిడ్డకు పాలు తగ్గుతాయి. కడుపుతో ఉన్న తల్లికి పాలు తగ్గటం సహజం. దానికి తోడు "చూలింత పాలు బిడ్డకు పడవు, విషం" అని పెద్దలు ఆ కాస్తా మాన్పిస్తారు. ఆ పాలు విషం కావు. తల్లి ఆరోగ్యంగా ఉంటే డాక్టరమ్మను అడిగి ఇంకొంతకాలం ఇవ్వవచ్చు. కాని చాలా ఇళ్ళలో జరిగేది ఏమిటంటే, నిన్నటి దాకా తాగిన పాలు ఇవాళ ఉన్నట్టుండి ఆగిపోతాయి. రెండో ఏడు నడుస్తున్న బిడ్డకు కావలసిన శక్తిలో మూడో వంతు దాకా తల్లిపాల నుంచే వస్తుంది. ఆ మూడో వంతు ఒక్కసారిగా పోతుంది. దాని బదులు గిన్నెలో తిండి పెరగాలి. పెట్టే తల్లికేమో వేవిళ్ళు, వికారం, కళ్ళు తిరగటం. అన్నం వాసన చూస్తేనే వాంతి వచ్చే మనిషి అయిదుసార్లు కూర్చొని ఎలా తినిపిస్తుంది?

1933లో సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘనా దేశంలో, ఒక జబ్బును గురించి రాశారు. బిడ్డకు కాళ్ళు, మొహం ఉబ్బుతాయి. జుట్టు రంగు మారుతుంది. చర్మం పొరలుగా ఊడుతుంది. నవ్వే బిడ్డ మూలన కూర్చొని మూలుగుతూ ఉంటుంది. ఆ ఊళ్ళ తల్లులు దాన్ని "క్వాషియార్కర్" అంటారు. తర్వాతి బిడ్డ పుట్టినప్పుడు పైబిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు అర్థం. చదువుకోని తల్లులు ఆ జబ్బుకు పేరు పెట్టటంలోనే దాని మూలం చెప్పేశారు. పాలకు దూరమైన బిడ్డకు సరైన తిండి అందలేదు, అదే మూలం. ఇవాళ మన ఊళ్ళలో ఆ జబ్బు ముదిరి కనిపించటం తగ్గింది. కాని బరువు పెరగని బిడ్డ, మాటిమాటికీ జ్వరం వచ్చే బిడ్డ, మొహం పాలిపోయిన బిడ్డ ఇంకా మన వీధుల్లోనే ఉన్నారు.

తల్లి సంగతీ చూడండి. ఒక కాన్పులో తల్లి ఒంట్లోని ఇనుము, సున్నం బిడ్డకు పోతాయి. రక్తం పోతుంది. ఆపైన పాలు ఇస్తుంది. ఇవన్నీ మళ్ళీ కూడదీసుకోవటానికి వ్యవధి కావాలి. నేను చెప్పిన ఆ సర్వేలోనే మన రెండు రాష్ట్రాల్లోనూ స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. అప్పు తీరకుండానే మరో అప్పు చేసినట్టు, మొదటి కాన్పు లోటు తీరకుండా మళ్ళీ కడుపు వస్తే ఆ భారం ముగ్గురి మీదా పడుతుంది. తల్లికి రక్తం ఇంకా తగ్గుతుంది. కడుపులో బిడ్డ నెలలు నిండకుండా పుట్టే ప్రమాదం, తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతాయి. నడిచే బిడ్డకు తల్లి ఒడి పోతుంది.

మరి ఎంత ఎడం?

ఒక కాన్పు అయిన తర్వాత కనీసం రెండేళ్ళు, అంటే 24 నెలలు ఆగి మళ్ళీ గర్భం ధరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రెండేళ్ళు ఆగి గర్భం, తొమ్మిది నెలలు మోయటం, కలిపితే బిడ్డకూ బిడ్డకూ మధ్య సుమారు మూడేళ్ళ ఎడం వస్తుంది. గర్భస్రావం అయితే కనీసం ఆరు నెలలు ఆగాలి.

ఈ మూడేళ్ళు ఎందుకో వేళ్ళ మీద లెక్కించవచ్చు. మొదటి బిడ్డకు ఆరో నెల నడుస్తుండగా తల్లి నెల తప్పితే, తమ్ముడో చెల్లెలో పుట్టేనాటికి ఆ బిడ్డకు ఏడాదీ మూడు నెలలు. సరిగా నడక కూడా కుదరదు. తొమ్మిదో నెలలో తప్పితే ఏడాదిన్నర. చేత్తో తినలేదు, ఆకలని చెప్పలేదు. అదే రెండేళ్ళు నిండాక గర్భం వస్తే, రెండో బిడ్డ పుట్టేనాటికి పెద్దబిడ్డకు దగ్గర దగ్గర మూడేళ్ళు. ఆ బిడ్డ తల్లిపాలు పూర్తిగా తాగింది. టీకాలు, పదహారు నెలల నుంచి రెండేళ్ళ లోపు వేసే బూస్టరుతో సహా పడ్డాయి. తన చేత్తో తింటుంది. "అమ్మా, ఆకలి" అంటుంది. అంగన్‌వాడీ బడికి వెళుతుంది. తమ్ముడి ఊయల తోయటానికి కూడా వస్తుంది.

"ఇద్దరూ కలిసి పెరిగిపోతారు" అన్న మాటకు ఇదే జవాబు. ఏడాది తేడాతో పుట్టిన ఇద్దరుంటే పని అయిపోదు, రెట్టింపు అవుతుంది. ఎత్తుకోవలసినవాళ్ళు ఇద్దరు, అడగటం రానివాళ్ళు ఇద్దరు, తల్లి మాత్రం ఒక్కతే. నారు ఒత్తుగా నాటితే పైరు ఏమవుతుందో రైతులకు నేను చెప్పనక్కరలేదు. చాళ్ళ మధ్య ఎడం ఇచ్చేది నేల వృథా చేయటానికి కాదు, ప్రతి మొక్కకూ గాలీ వెలుతురూ అందటానికి.

"ఇంకా ముట్టు రాలేదుగా!"

చాలామంది తల్లులు మోసపోయేది ఇక్కడే. కాన్పు తర్వాత నెలసరి మొదలుకాలేదు కాబట్టి గర్భం రాదని ధీమాగా ఉంటారు. నెలసరి రావటానికి సుమారు రెండు వారాల ముందే అండం విడుదల అవుతుంది. అప్పుడు కలిస్తే ముట్టు కనపడకుండానే గర్భం రావచ్చు. నాలుగైదు నెలలు గడిచి కడుపు ఎత్తుగా కనిపించేదాకా తెలియనివారు కూడా ఉంటారు.

పాలిచ్చే తల్లికి గర్భం రాదన్న మాటలో కొంత నిజం ఉంది. దానికి మూడు షరతులు. బిడ్డకు ఆరు నెలలు నిండకూడదు. పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప, మంచినీళ్ళు కూడా, ఏమీ పట్టకూడదు. తల్లికి నెలసరి తిరిగి రాకూడదు. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ రక్షణ పోయినట్టే. బిడ్డకు అన్నప్రాశన చేసిన రోజు గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నాటికి మీరు ఏదో ఒక పద్ధతి మొదలుపెట్టి ఉండాలి.

ఎడం కోసం పద్ధతులు

ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం.

నిరోధ్: భర్త వాడేది. ప్రతిసారీ కొత్తది వాడాలి. సుఖవ్యాధుల నుంచి కూడా ఇద్దరికీ రక్షణ ఇచ్చేది ఇదొక్కటే. ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది.

కాపర్-టి: గర్భసంచిలో అమర్చే చిన్న సాధనం. ఒక రకం అయిదేళ్ళు, ఒక రకం పదేళ్ళు పనిచేస్తుంది. కాన్పు అయిన 48 గంటల లోపల గాని, ఆరు వారాల తర్వాత గాని వేయించుకోవచ్చు. పాలు తగ్గవు. అది గుండెలోకి, కడుపులోకి పాకి పోతుందన్న భయం మీలో చాలామందికి ఉంది. గర్భసంచికి గుండెకు పోయే దారి లేదు. మొదటి రెండు మూడు నెలలు ముట్టు కాస్త ఎక్కువ కావచ్చు, నొప్పి ఉండవచ్చు. బిడ్డ కావాలనుకున్నప్పుడు తీయిస్తే త్వరలోనే గర్భం వస్తుంది.

అంతర సూది: మూడు నెలలకు ఒకసారి. కాన్పు అయిన ఆరు వారాల నుంచి పాలిచ్చే తల్లి కూడా వేయించుకోవచ్చు. నెలసరి క్రమం తప్పుతుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది. చెడురక్తం లోపల నిలిచిపోయిందని కంగారు పడవద్దు. మానేసిన తర్వాత గర్భం రావటానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు. కనుక ముందుగా లెక్క వేసుకోండి.

ఛాయా బిళ్ళ: ఇందులో హార్మోన్లు లేవు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మన శాస్త్రజ్ఞులే కనిపెట్టారు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. పాలిచ్చే తల్లులు వాడవచ్చు.

మాలా-ఎన్ బిళ్ళ: రోజుకు ఒకటి, ఒకే వేళకు. పాలిచ్చే తల్లి బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా వాడకూడదు.

అన్ని పద్ధతులూ అందరికీ పడవు. బి.పి., కామెర్లు, విడవని తలనొప్పి వంటివి ఉంటే ఏ.ఎన్.ఎం.కు దాచకుండా చెప్పండి. ఒకటి పడకపోతే మానేసి ఊరుకోకండి, మరొకటి అడగండి. ఏది వాడాలో నిర్ణయించేది మీరే. 1975-77 నాటి బలవంతపు ఆపరేషన్ల కథలు మీ ఇంటి పెద్దలు చెప్పి ఉంటారు. అవి కట్టుకథలు కావు. అందుకే మరీ గట్టిగా చెబుతున్నాను. మీ ఇష్టం లేకుండా మీకు ఏదీ వేసే హక్కు ఎవరికీ లేదు. వేసినదాన్ని తీసేయమని అడిగే హక్కు మీకు ఎప్పుడూ ఉంది.

అన్నలకు ఒక మాట

ఇంతవరకు "తల్లి, తల్లి" అంటూ వచ్చాను. బిడ్డను చూడటం ఆడవాళ్ళ పని అని మీరు హాయిగా వింటూ కూర్చున్నారేమో! రోజుకు అయిదుసార్లు తినిపించాలని చెప్పాను. అందులో ఒక్కసారి, పొలం నుంచి వచ్చాక, ఆ గిన్నె మీరు పట్టుకోండి. బిడ్డ మీ చేతి ముద్దకు కూడా నోరు తెరుస్తుంది. ఆ అరగంట భార్యకు నడుం వాల్చే వ్యవధి దొరుకుతుంది.

పద్ధతి వాడే బాధ్యత కూడా సగం మీదే. ఇక పిల్లలు వద్దు అని ఇద్దరూ నిశ్చయించుకున్న నాడు మగవారి ఆపరేషన్ ఉంది. కోత, కుట్టు లేకుండా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అదే రోజు ఇంటికి వెళ్ళవచ్చు. రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. బలం తగ్గదు, కోరిక తగ్గదు, నాగలి పట్టే చేతికి ఏ లోటూ రాదు. అయితే చేయించుకున్న రోజు నుంచే రక్షణ ఉండదు. మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకొన్నాకే నిశ్చింత. ఆడవారి ఆపరేషన్‌కు పొట్ట తెరవాలి. మగవారిది అంతకన్నా తేలిక. అయినా మన ఊళ్ళలో ఎప్పుడూ భార్యే ఆపరేషన్ బల్ల ఎక్కుతున్నది. ఎందుకో మీరే ఆలోచించండి.

ఇంటి పెద్దలతో

అత్తగారు తొందర పెడితే ఆవిడతో తగవు పడనక్కరలేదు. వచ్చేసారి బరువు తూచే రోజున ఆవిడను కూడా అంగన్‌వాడీకి తీసుకు రండి. పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ ఏడాదికి సుమారు తొమ్మిది కిలోలు కావాలి. రెండో ఏట మరో రెండు, రెండున్నర కిలోలు పెరగాలి. కార్డు మీద గీత ఎటు పోతున్నదో ఆవిడకు చూపించండి. మనవడి గీత అడ్డంగా పోతుంటే ఏ నాయనమ్మా సహించదు. అప్పుడు మూడేళ్ళ ఎడం మాట ఆవిడే ఎత్తుతుంది.

ఈ కాగితం ఇంటికి తీసుకు వెళ్ళి, రాత్రి బిడ్డ నిద్రపోయిన తర్వాత ఇద్దరూ కలిసి చదవండి. చదవటం రాకపోతే చదివించుకోండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. మన బిడ్డకు ఇప్పుడు ఎన్ని నెలలు? ఈ నెల గర్భం వస్తే ఆ బిడ్డకు అప్పటికి ఎన్ని నెలలుంటాయి? అంతవరకు ఆగటానికి మనం ఏ పద్ధతి వాడుతున్నాం? మూడో ప్రశ్నకు జవాబు లేకపోతే రేపే ఉపకేంద్రానికి రండి. బిడ్డను కూడా తీసుకు రండి, బరువు చూస్తాం. ఇద్దరూ కలిసి వస్తే మరీ మంచిది.